మేఘముల అడుగు ఎంత ఎత్తున?

"ఆకాశము మేఘావృతమై యుండును" అని మేము రేడియోలో చదువుచుందుము. ఆరబెట్టిన వడియములు లోనికి తెచ్చుకొనుటకు ఆ మాట చాలును. విమానము నడుపువానికి చాలదు. మేఘము నేలకు ఎంత ఎత్తున మొదలగునో అతనికి తెలియవలెను. ఘాటురోడ్డున పోవువారికిని తెలిసిన మేలే. కొండమీద మనము పొగమంచనునది పెక్కుమార్లు దిగువవారి కంటికి మేఘమే గదా!

ఈ లెక్క విమానాశ్రయముల వాతావరణ నివేదికలలో దొరకును. వీనిని ఇప్పుడు ఇంటర్నెట్టులో ఎవరైనను చూడవచ్చును. ప్రతి విమానాశ్రయమునకు నాలుగక్షరముల గుర్తు కలదు; హైదరాబాదునకు వి.ఓ.హెచ్.ఎస్. "మెటార్" అనునది అప్పటి స్థితిని తెలుపు నివేదిక. "టాఫ్" అనునది రానున్న గంటలకు సూచన. రెంటను వేళలు గ్రీనిచ్ లెక్కలో నుండును గనుక అయిదున్నర గంటలు కలుపుకొనవలెను. 03 అని యున్నచో అది తెల్లవారుజాము కాదు, ఉదయము ఎనిమిదిన్నర.

మేఘములను తెలుపు మాటలో మూడక్షరములు, మూడంకెలు ఉండును. ఆకాశమును ఎనిమిది పాళ్లుగా భావింతురు. ఒకటి రెండు పాళ్లు కప్పిన ఎఫ్.ఇ.డబ్ల్యు., మూడు నాలుగైన ఎస్.సి.టి., అయిదు మొదలు ఏడు వరకు బి.కె.ఎన్., పూర్తిగా కప్పిన ఓ.వి.సి. అంకెలు వందల అడుగులు; 020 అనగా 2,000 అడుగులు. సగమునకు మించి కప్పిన పొరలలో అన్నిటికంటె దిగువ దానిని పైలట్లు "సీలింగు" అందురు. 1,000 అడుగుల వద్ద అక్కడక్కడ తునకలుండి, 3,000 వద్ద ఆకాశము చాలవరకు మూసికొని యున్నచో సీలింగు 3,000 గాని 1,000 కాదు.

అసలు చిక్కు వేరొకటి. ఈ ఎత్తు ఎక్కడనుండి? సముద్రమట్టము నుండి కాదు, ఆ విమానాశ్రయపు నేల నుండి. శంషాబాదు నేలయే సముద్రమట్టమునకు 2,000 అడుగులకు పైన నున్నది. అచ్చటి 2,000 అడుగుల మేఘము సముద్రమట్టము నుండి లెక్కింపగా 4,000 దాటును. విశాఖలో నేల సముద్రమట్టమునకు దగ్గర గనుక రెండు లెక్కలును ఇంచుమించు ఒకటే. అచ్చట 2,000 అడుగులనగా సుమారు 600 మీటర్లు. అరకు పోవు రైలుదారిలో శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున నున్నది. అదే పొర కొండలవరకును వ్యాపించి యున్నచో, విశాఖవారికి తల పైనున్న మేఘము శిమిలిగుడ ప్రయాణికునికి కిటికీలోనే యుండును.

పగటివేళ దూదికుప్పలవలె లేచు మేఘములకు ఇంటనే ఒక లెక్క వేయవచ్చును. గాలిలోని తేమ నీటిబిందువులుగా మారుటకు గాలి ఎంతవరకు చల్లబడవలెనో ఆ ఉష్ణోగ్రత తుషారాంకము. మెటారులో రెండును ప్రక్కప్రక్కనే యుండును. వాని భేదమును 125 చే గుణించిన మీటర్లు వచ్చును. 32, 24 డిగ్రీలైన భేదము 8. మేఘపుటడుగు సుమారు 1,000 మీటర్లు. ముసురు పట్టిన నాడు మాత్రము ఈ లెక్క పనికిరాదు.

టాఫ్ ఆ విమానాశ్రయమునకును దాని పరిసరములకును మాత్రమే వర్తించును. నడుమనున్న కొండలను గూర్చి అది ఏమియు చెప్పదు. 2009 సెప్టెంబరు 2వ తేదీ ఉదయము, నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారితో బేగంపేట నుండి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన హెలికాప్టరు నల్లమలలో కూలి, అందలి అయిదుగురును మరణించిరి. క్రిందికి విసరు ప్రచండమైన గాలిలో చిక్కి హెలికాప్టరు అదుపు తప్పినదని దర్యాప్తు సంఘము చెప్పినది. మేఘపుటడుగు ఎత్తు ఒక్కటి చూచిన ఇట్టి గాలి తెలియదు. ఎత్తు ప్రక్కన సి.బి. అను రెండక్షరములున్నవేమో చూడవలెను. అది ఉరుముల మేఘము. "టెంపో" అను మాట వెంట వచ్చినను, కొద్దిసేపే గదాయని దానిని త్రోసివేయరాదు. ఆ కొద్దిసేపు మనము కొండపైనున్న వేళయే కావచ్చును.

దారి పొడవునను తెలియవలెనన్నచో తక్కువ ఎత్తున ఎగురువారికై ఇచ్చు ప్రాంతీయ సూచనను వాతావరణ కేంద్రమున అడిగి తీసికొనవలెను. అందు ఎత్తులు నేలనుండియో సముద్రమట్టము నుండియో వ్రాసి యుండును. అంకెకంటె ముందు చూడవలసినది ఆ మాట.