సువార్తలో దేవుని రాజ్యం: పాలమూరు సంస్థానాల నేపథ్యంలో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

గద్వాల, వనపర్తి పట్టణాలు నిజాం ఏలుబడిలో సంస్థాన కేంద్రాలు. నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని కొల్లాపూర్ జటప్రోలు సంస్థానానికి కేంద్రం. 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో మెన్నొనైట్ బ్రెదరన్ మిషనరీలు నాగర్‌కర్నూల్, వనపర్తి కేంద్రాలుగా సువార్త ప్రకటించారు. మొదట అమెరికన్ బాప్టిస్టుల క్షేత్రమైన గద్వాల అనంతరం వీరి నిర్వహణలోకి వచ్చింది. రాజు, కోట, శిస్తు నిత్యానుభవమైన నేలపై 'దేవుని రాజ్యం' అనే మాటకు గల అర్థాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పదార్థ విచారణ

గ్రీకు మూలంలోని 'బసిలేయా' ప్రధానంగా రాజు ఏలుబడిని తెలుపుతుంది. తెలుగులో 'రాజ్యం' అనగానే ఎల్లలున్న భూభాగం ముందుగా స్ఫురిస్తుంది. మత్తయి వాడిన 'పరలోకరాజ్యం' అనే మాట దానిని మరణానంతర స్థలంగా భావించడానికి మరింత ఆస్కారమిచ్చింది. అయితే ఆవగింజ ఉపమానంలో మత్తయి పరలోకరాజ్యమన్న దానినే మార్కు, లూకా దేవుని రాజ్యమన్నారు. కనుక రెండు పదాల అర్థం ఒక్కటే. ఆ రాజ్యం భూమిపైకి రావాలని కోరడమే ప్రభువు నేర్పిన ప్రార్థన (మత్తయి 6:10).

ఏలుబడి స్వరూపం

సంస్థానాధీశుడు నిజాంకు పేష్కష్ చెల్లించేవాడు; ఆ భారం శిస్తు రూపంలో రైతుపై పడేది. మార్కు 10:42-45లో యేసు అధికారాన్ని ఇందుకు భిన్నంగా నిర్వచించాడు. ఆయన దృష్టిలో గొప్పవాడు పరిచారకుడు.

మత్తయి 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట ఉపమానం ఈ భావాన్ని కూలి రూపంలో చూపుతుంది. ఉదయం నుంచి శ్రమించినవారికీ, చివరి గంటలో చేరినవారికీ యజమాని ఒక దేనారమే, అంటే ఒక పూర్తి దినకూలి, చెల్లిస్తాడు. చివరివారు సోమరులు కారు. తమను ఎవరూ పనికి పిలవలేదని వారే చెబుతారు. వలస కూలీల నేలగా పేరుపడిన పాలమూరులో ఈ సమాధానానికి వివరణ అక్కరలేదు. అడ్డాపై పొద్దుగూకేదాకా నిలిచినవాడి ఇంట్లోనూ పొయ్యి వెలగాలి. ఉపమానం కూలి చట్టం కాకపోయినా, దేవుని ఔదార్యం ఎవరి పక్షాన నిలుస్తుందో చెబుతుంది.

వర్తమానం, భవిష్యత్తు

మార్కు 4:26-29లో విత్తనం రైతుకు తెలియకుండానే మొలకెత్తుతుంది. కోత మాత్రం ముందున్నది. దేవుని ఏలుబడి ఆరంభమైంది, సంపూర్ణం కాలేదు. లూకా 17:21లోని 'ఎంటోస్' అనే గ్రీకు పదానికి 'లోపల', 'మధ్య' అనే రెండర్థాలున్నాయి. యేసు అక్కడ పరిసయ్యులతో మాట్లాడుతున్నాడు గనుక తెలుగు బైబిలు స్వీకరించిన 'మధ్య' సందర్భానికి తగినది. ఈ పఠనం ప్రకారం రాజ్యం వ్యక్తి అంతరంగానికే పరిమితం కాదు. మనుషుల నడుమ సంబంధాలలో వ్యక్తమవుతుంది.

ముగింపు

రాజ్యాన్ని పరలోకానికే పరిమితం చేస్తే కూలి, కులం, పంక్తిభోజనం వంటి ప్రశ్నలు బోధకు వెలుపలే మిగిలిపోతాయి. కేవలం సంఘసంస్కరణగా కుదిస్తే ఏలేవాడు కనుమరుగవుతాడు. 'రాజ్యం' అనే మాటను ముందుగా 'ఏలుబడి'గా వివరిస్తే ఈ రెండు లోపాలూ తొలగుతాయి. ఈ ప్రాంతపు ప్రసంగాలను, క్రైస్తవ కీర్తనలను అధ్యయనం చేసేవారు వాటిలో ఆ మాట ఏ అర్థంలో నిలిచిందో గమనించడం అవసరం.