జగ్గన్నతోటలో కెమెరా బరువు

కనుమ నాడు జగ్గన్నతోటకు వచ్చే ఫొటోగ్రాఫర్లు రెండు రకాలు. వీపున పెద్ద బ్యాగు, మెడలో రెండు కెమెరాలు, చంకలో ట్రైపాడ్‌తో జనంలో ఇరుక్కుని చెమటలు కక్కేవాళ్లు ఒక రకం. ఒక కెమెరా, ఒక లెన్సు, జేబులో అదనపు బ్యాటరీతో కాలవగట్టు మీద ముందే చోటు చూసుకునేవాళ్లు రెండో రకం. సాయంత్రానికి మంచి ఫొటోలు దొరికేది ఎక్కువగా రెండో రకం వాళ్లకే.

కోనసీమలో అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గరున్న ఈ కొబ్బరితోటలో గుడి లేదు. ఏటా కనుమకు చుట్టుపక్కల పదకొండు ఊళ్ల శివాలయాల నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద ఇక్కడికి తరలివస్తారు. వ్యాఘ్రేశ్వరం, పుల్లేటికుర్రు, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి... ఒక్కో ఊరిది ఒక్కో ప్రభ. వెదురు చట్రానికి రంగుల బట్టలు, నూలు, గంటలు, వరికంకులు కట్టి భుజాల మీద మోసుకొస్తారు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కర్తవ్యపథ్ మీద నడిచిన ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ప్రభల తీర్థానిదే.

హైదరాబాద్ వండర్లా లాంటి పార్కుకు కెమెరాతో వెళ్లినవాళ్లకు ఒక సౌకర్యం ఉంటుంది. రైడ్ ఎక్కేముందు సామాను డబ్బు కట్టి లాకర్‌లో పెట్టేయవచ్చు. తీర్థంలోనూ జెయింట్ వీల్ ఉంటుంది, రంగులరాట్నం ఉంటుంది, జీళ్ల కొట్ల ముందు తోపులాట ఉంటుంది. లాకరే ఉండదు. తెచ్చిన ప్రతి వస్తువూ పొద్దుగూకేదాకా ఒంటి మీదే ఉండాలి.

అందుకే లెన్సు దగ్గరే మొదటి నిర్ణయం తీసుకోవాలి. తోటలో వేల పాదాల కింద లేచే దుమ్ము, బాణసంచా పొగ కలిసి గాలిలో తిరుగుతుంటాయి. అక్కడ లెన్సు విప్పితే ఆ దుమ్ము సెన్సర్ మీద వాలుతుంది. ఇక ఆ రోజు తీసిన ప్రతి ఆకాశంలోనూ నల్లచుక్కలే. 18-135 గానీ 24-105 గానీ, ఒకే జూమ్ లెన్సు ఇంటి దగ్గరే బిగించుకుని రావడం మేలు. దగ్గర నిలబడితే ప్రభ శిఖరం దాకా ఫ్రేములో పడుతుంది, దూరం నుంచి మోసేవాళ్ల ముఖాలూ అందుతాయి. పెద్ద 70-200 లెన్సు ఒక్కటే కిలోన్నర దాకా తూగుతుంది. మధ్యాహ్నం నుంచి దాన్ని మోసిన చెయ్యి, వ్యాఘ్రేశ్వరం ప్రభ వచ్చేవేళకు వణకడం మొదలెడుతుంది. ఆ ప్రభ రాగానే మిగతా ప్రభలను పైకి లేపి గౌరవిస్తారు. తీర్థం మొత్తానికీ ఎదురుచూడాల్సిన ఘట్టం అదే. కాబట్టి కార్డులో చోటుందో లేదో ముందే చూసుకోవాలి.

ఫొటోగ్రాఫర్లందరికీ ఆశ పుట్టించే చోటు మాత్రం కౌశిక కాలువ. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు పచ్చని వరిచేలలోంచి వచ్చి, నీళ్లలోకి దిగి కాలువ దాటుతాయి. 'అశ్శరభ శరభ' కేకలు, చిమ్మే నీళ్లు, ఊగే ప్రభ. షట్టర్ వేగం సెకనులో వెయ్యోవంతుకు పెంచితే నీటిచుక్కలు గాలిలో నిలబడిపోతాయి. ఆ ఉత్సాహంలో కెమెరాతో నీళ్లలోకి దిగేవాళ్లూ ఉంటారు. వెదర్ సీలింగ్ ఉన్న కెమెరా తుంపర్లకు తట్టుకుంటుందే తప్ప మునకకు కాదు. ఫోన్ మీద ఐపీ68 అని ఉన్నా, ఆ పరీక్ష చేసేది శుభ్రమైన మంచినీళ్లలో. కాలువ బురద ఛార్జింగ్ రంధ్రంలోకి వెళితే ఆ ముద్ర కాపాడదు. కెమెరాకు పాలిథిన్ కవరు తొడిగి, లెన్సు మూతి దగ్గర రబ్బరు బ్యాండు బిగించి, గట్టు మీదే ఉంటే చాలు.

ఇంకో జాగ్రత్త సామానుకన్నా ముఖ్యం. ఒక కన్ను వ్యూఫైండర్‌లో పెట్టి రెండోది మూసేస్తే పక్కనుంచి వచ్చేది కనబడదు. ప్రభ బరువు మీద పరుగెత్తేవాళ్లు ఫొటోగ్రాఫర్ కోసం ఆగలేరు, ఆగకూడదు కూడా. వాళ్ల దారికి పక్కగా, వెనక్కి తప్పుకునే జాగా చూసుకుని నిలబడాలి. సెల్ఫీస్టిక్‌ను కరెంటు తీగల దరిదాపుల్లో లేపకూడదు.

జనంలో బ్యాగు వీపున కాకుండా పొట్ట ముందు వేలాడాలి. కెమెరా పట్టీ మెడలో కంటే అడ్డంగా భుజానికి వేసుకుంటే తోపులాటలో జారదు. నిండిన కార్డు చొక్కా లోపలి జేబుకు చేరాలి. లెన్సుకు హుడ్ ఉంటే మోచేతుల దెబ్బ అద్దానికి తగలదు. జనవరి నడుమ ఇక్కడ ఆరులోపే పొద్దుగూకుతుంది, కొబ్బరి నీడలో అంతకుముందే మసకబారుతుంది. అయినా ట్రైపాడ్ వద్దు, దాని మూడు కాళ్లూ పదిమందికి అడ్డం. ఐఎస్ఓ పెంచితే సరిపోతుంది. కొంచెం గరుకుదనం వచ్చినా కదిలిపోయిన ఫొటో కంటే నయం.

ఇక డ్రోన్. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అంతమాత్రాన జనం నెత్తిమీద ఎగరేయమని కాదు. అది కొబ్బరాకో తీగో తగిలి పడితే కింద పిల్లలుంటారు. పోలీసుల అనుమతి లేకపోతే దాన్ని ఇంట్లో వదలడమే మంచిది.

తీర్థం ముగిసినా కెమెరాకు పని మిగిలే ఉంటుంది. కోనసీమ గాలిలో ఎప్పుడూ చెమ్మే. ఏసీ కారులోంచి దింపగానే లెన్సు మీద ఆవిరి కమ్ముతుంది. బ్యాగులోనే కొంతసేపు ఉంచి, బయటి వేడికి అలవాటు పడ్డాక తీయాలి. ఇంటికి చేరగానే పొడిబట్టతో తుడిచి, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టాలి. లోపలి తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. తడిసిన బ్యాగులోనే వచ్చే సంక్రాంతిదాకా మరిచిపోతే లెన్సులో బూజు పడుతుంది. ఆ బూజు అద్దం మీది పూతను తినేశాక మెకానిక్ ఎంత శుభ్రం చేసినా పోయిన పూత తిరిగి రాదు.