ప్రశ్నలు తగ్గితే తెలివి తగ్గుతుందా?

ఆకును చూసి అది ఏ చెట్టుదో మీరు ఇట్టే చెప్పగలరు. ఏ గుర్తును బట్టి చెబుతున్నారు? ఆకారమా, అంచులా, ఈనెలా? అన్నీ చూడనక్కర లేదు. ఒకటి రెండు గుర్తులతోనే తేలిపోతుంది. ఇలా జాతులను విడదీయడం కంప్యూటరుకు కూడా నేర్పుతున్నారు. ఈ విద్యకు ‘మెషిన్ లెర్నింగ్’ అని పేరు. అయితే కంప్యూటరును దాని ఇష్టానికి వదిలేస్తే అవసరానికి మించిన ప్రశ్నలు వేస్తుంది. అందువల్ల నష్టమేమిటో చూద్దాం.

నూట యాభై పూలు

ఇంగ్లండుకు చెందిన గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ 1936లో ఒక పట్టిక ప్రచురించాడు. అందులో సెటోసా, వెర్సికలర్, వర్జినికా అనే మూడు ఐరిస్ జాతుల పూల కొలతలు ఉన్నాయి. జాతికి 50 చొప్పున మొత్తం 150 పూలు. ప్రతి పూవుకూ నాలుగు కొలతలు: రక్షక పత్రం పొడవు, వెడల్పు, పూరేకు పొడవు, వెడల్పు.

ఈ పూలను రెండే ప్రశ్నలతో విడదీయవచ్చు. పూరేకు వెడల్పు 0.8 సెంటీమీటరు కంటే తక్కువా? అవునంటే సెటోసా. కాదంటే, 1.75 సెంటీమీటర్ల కంటే తక్కువా? అవునంటే వెర్సికలర్, కాదంటే వర్జినికా. ఈ లెక్కన 144 పూలు సరిపోతాయి. తప్పేవి 6 మాత్రమే. నాలుగు కొలతల్లో మూడింటిని మనం ముట్టుకోనే లేదు!

బట్టీ చదువు

ఆ ఆరింటిని కూడా సరిచేయమంటే కంప్యూటరు కొత్త ప్రశ్నలు చేర్చుకుంటూ పోతుంది. ప్రశ్నలు చెట్టు కొమ్మల్లా చీలుతాయి. చివరి కొమ్మల్లో కొన్నింటికి ఒక్కొక్క పూవే మిగులుతుంది. ఇప్పుడు 150కి 150 సరి! కాని సంబరపడకండి. ఒక్క పూవు కోసం పుట్టిన నియమం ఆ జాతి లక్షణాన్ని చెప్పదు, ఆ పూవు గురించే చెబుతుంది. లెక్క అర్థం చేసుకోకుండా జవాబు బట్టీ పట్టినవాడు, అంకెలు మారిస్తే తెల్లమొహం వేస్తాడు కదా! కొత్త పూవు ముందు కంప్యూటరు గతీ అంతే.

కొమ్మల కత్తిరింపు

దీనికి విరుగుడు కత్తిరింపు. కొన్ని పూలను ముందే వేరుగా దాచి ఉంచుతారు. మిగిలిన వాటితో చెట్టును పెంచుతారు. తరువాత ఒక్కొక్క కొమ్మనే తీసివేసి, దాచిన పూలతో పరీక్షిస్తారు. తప్పులు పెరగకపోతే ఆ కొమ్మ అనవసరం, దాన్ని కొట్టివేస్తారు. పెరిగితే దాన్ని ఉంచుతారు.

నియమంలోని మాటలను కూడా తగ్గించవచ్చు. ‘వెడల్పు 0.8 కంటే ఎక్కువ, 1.75 కంటే కూడా ఎక్కువ అయితే వర్జినికా’ అన్నారనుకోండి. మొదటి షరతు దండగ. 1.75 దాటినది 0.8 దాటకుండా ఉంటుందా?

అలాగని కత్తెర అదే పనిగా ఆడించకూడదు. రెండో ప్రశ్న కూడా తీసేస్తే వెర్సికలర్, వర్జినికా కలిసిపోతాయి. ఆ నూరు పూలకూ ఒకే పేరు పెట్టాలి కనుక 50 తప్పుతాయి.

ప్రాణాల లెక్క

పూల పేరు తప్పితే ప్రమాదం లేదు. రోగి విషయంలో తప్పితే? లియో బ్రైమన్, మరి ముగ్గురు శాస్త్రవేత్తలు 1984లో వెలువరించిన పుస్తకంలో అమెరికాలోని శాన్ డియాగో ఆసుపత్రి ఉదాహరణ ఉంది. గుండెపోటు వచ్చిన రోగులకు మొదటి 24 గంటల్లో 19 అంశాలు పరిశీలించారు. ఎవరికి ప్రాణాపాయం ఎక్కువో విడదీయడానికి కత్తిరించిన చెట్టులో మూడు ప్రశ్నలే మిగిలాయి. రక్తపోటులోని పై అంకె బాగా పడిపోయిందా? వయసు 62 దాటిందా? గుండె మరీ వేగంగా కొట్టుకుంటోందా? మూడే ప్రశ్నలు కనుక డాక్టరు కంప్యూటరు మాటను గుడ్డిగా నమ్మనక్కరలేదు. తానే సరిచూసి, తప్పనిపిస్తే ఎదురు చెప్పవచ్చు. చిన్న నియమం వల్ల కలిగే పెద్ద మేలు ఇదే.

మీరూ చేసి చూడండి

జామ ఆకులు 20, నేరేడు ఆకులు 20 తెచ్చి పొడవు, వెడల్పు కొలవండి. ఒక్కో రకంలో 15 ఆకులతో నియమం తయారుచేయండి. మిగిలిన ఐదేసి ఆకులతో దాన్ని పరీక్షించండి. ఎన్ని తప్పాయి? ఒక ప్రశ్న తగ్గిస్తే తప్పులు పెరిగాయా? ఆకులే మీకు జవాబు చెబుతాయి.