ప్లైవుడ్డు బొమ్మల అంచులు

డిసెంబరు మాసమున మా పాఠశాల ముంగిట నిలుపు నక్షత్రమును, గొఱ్ఱెలను, ఒంటెలను ఎఱుగనివారు మా యూర లేరు. అవి ప్లైవుడ్డు పలకలను కోసి, రంగులు వేసి చేసినవి. క్రిందటి యేడు వానిని దాచిన కొట్టు తెఱచి చూడగా పెద్ద ఒంటె కాళ్లు తడిసిన పుస్తకపు పుటలవలె విచ్చిపోయి యుండెను. తొమ్మిదవ తరగతి బాలురు రెండు నెలలు ఆటలు మాని చేసిన బొమ్మ యది. విచిత్రమేమన, దాని ముఖముపై రంగు చెక్కుచెదరలేదు. చెడినది అంచు మాత్రమే. ఇట్లేల జరిగెనో చదువరులకు తెలుపదలచితిమి.

ప్లైవుడ్డు ఒక్క చెక్క కాదు. దుంగను త్రిప్పుచు కత్తితో పలుచని పొరలుగ ఒలిచి, ఒక పొర నార నిలువునకును, దాని మీది పొర నార అడ్డమునకును వచ్చునట్లు జిగురుతో నంటించి, వేడిలో నొత్తుదురు. అందుచేతనే యది సులభముగ పగులదు. కాని చెట్టు బ్రతికియున్న కాలమున నీటిని పైకి కొనిపోయిన సన్నని గొట్టములు కొయ్యలో నట్లే నిలిచియుండును. పలకను ఏ దిక్కున కోసినను కొన్ని పొరలలోని గొట్టముల నోళ్లు తెఱచుకొనును. కావున అంచు ముఖముకంటె ఎన్నో రెట్లు నీరు త్రాగును. తడిసిన పొర యొక దిక్కున ఉబ్బగా, ప్రక్క పొర వేఱొక దిక్కున ఉబ్బును. ఎండగానే రెండును ముడుగును. ఈ పెనుగులాటలో నడుమనున్న జిగురు విడిపోవును.

జిగురులలో భేదము గలదు. యూరియా జాతి జిగురు తేమకు కొంత ఓర్చును గాని నిలిచిన తడికి ఓర్వదు. ఫినాలు జాతిది మరుగునీటికిని తాళును. భారతీయ ప్రమాణములలో 710 సంఖ్య గల మెరైను ప్లైవుడ్డునకు వాడునది యిదియే. మా ఒంటె చౌకరకపుది. అయినను మంచి పలక కొయ్యయు నీరు త్రాగక మానదు. కొయ్య విమానములకే యీ చిక్కు తప్పలేదు. ప్లైవుడ్డుతో కట్టిన మస్కిటో యుద్ధవిమానముల రెక్కల అతుకులలో లోపములు కనబడగా, 1944 నవంబరులో మన దేశమందున్న వానిని కొంతకాలము ఎగురనీయక నిలిపిరి.

ఇక పని సంగతి. పలక బాగుగ ఎండియుండవలెను. అంచును గరుకు కాగితముతో రుద్ది, పదునైన మూలలను గుండ్రముగ చేయవలెను. పదునుపై రంగు నిలువక పలుచబడును. పొరల నడుమ కనబడు సందులను బయటి పనికి తగిన లప్పముతో పూడ్చవలెను. సుద్ద లప్పము వానకు కరగును. పిమ్మట నూనె ప్రైమరును టర్పెంటైనుతో పలుచన చేసి అంచునకు పూయవలెను. ఎండిన యిసుకలో పోసిన నీటివలె యది కనబడకుండ ఇంకిపోవును. ఇచ్చటనే మా బాలురు మోసపోయిరి. ఒక్క పూతతో తృప్తిపడి రంగు వేసిరి. అది యారిన తరువాత పలుచన చేయని ప్రైమరును మఱి రెండు మాఱులు, అంచుపై నునుపైన పొర కనబడువఱకు పూయవలెను. ఎపాక్సీ ఇంతకంటెను గట్టిది, ఖరీదైనది. ఎండకు చెడును గాన దానిపై రంగు తప్పదు. కొందఱు తెల్లజిగురును నీట కలిపి పూయుదురు. సాధారణపు తెల్లజిగురు తడికి మరల మెత్తబడును గాన మాకది నచ్చలేదు.

వెనుకవైపును, మరచీలల రంధ్రములను మఱవరాదు. అన్నిటికంటె ముఖ్యమైనది అడుగు అంచు. మా ఒంటె తడినేలపై నిలిచి రాత్రియెల్ల మంచునీరు పీల్చినది. ఈ యేడు దానికి క్రొత్త కాళ్లు అతికి, ఇనుప ఊతలపై నేలకు బెత్తెడు ఎత్తున నిలిపితిమి. నవంబరు వానలలో మూడు దినములు తడిసినను అంచు ఉబ్బలేదు. నక్షత్రమునకు మాత్రము వేళ చాలక రెండు పూతలే పడినవి. దానిని వసారా చూరు క్రిందనే కట్టితిమి.