శరణాలయమున శునకములకు ఉచిత వైద్యము



మన మారిషస్ ద్వీపమున చెఱకు తోటల గట్లపైనను, సముద్రతీరమునందును, గుడి వాకిళ్లయందును యజమానులు లేని కుక్కలు తిరుగుచుండుట అందఱెఱిగినదే. 2013లో ఈ దేశమున జంతు సంక్షేమ చట్టము చేయబడినది. అయినను శరణాలయములలో చోటు కొంచెము. తెచ్చిన ప్రతి కుక్కకును ఇల్లు దొరకదు. దొరకనివానికి తుదకు సూదిమందుతో ప్రాణము తీయుటయు కలదు. వినుటకు కఠినమైనను ఇది దాచదగిన మాట కాదు.

ఇట్టి కుక్కల కొఱకు కొందఱు పశువైద్యులు తమ సెలవు దినములను వెచ్చించి, వేతనము గోరక పని చేయుచున్నారు. గజ్జి, పిడుదుల వలన వచ్చు జ్వరము, దోమకాటున గుండెలో పురుగులు చేరు వ్యాధి, ఇవి వారి నిత్యకృత్యములు. పిల్లలకు 6 లేక 8 వారముల వయస్సున మొదటి టీకా వేసి, 16 వారములు నిండువఱకు మూడు నాలుగు వారములకొకసారి మరల వేయవలెను. ఒక్క టీకాతో చాలించిన పిల్లలు పార్వో వ్యాధి సోకి, నెత్తురు విరేచనములతో చనిపోవచ్చును. పిచ్చికుక్క వ్యాధి మాత్రము మన ద్వీపమున లేదు గాన ఆ భయమున వానిని రాళ్లతో కొట్ట నక్కఱలేదు.

వైద్యులు చేయు పనులలో మిక్కిలి విలువైనది గజ్జి మాన్పుట కాదని నా తలంపు. ఆడుకుక్కకు పిల్లలు కలుగకుండ చేయు శస్త్రచికిత్సయే ముఖ్యము. అది 63 దినములు గర్భము మోసి, ఒక్క ఈతలో ఐదాఱు పిల్లలను పెట్టును. ఏడాదికి రెండుమార్లు ఈనుటయు కలదు. ఆ పిల్లలను సంచిలో వేసి తోటగట్టున విడుచువారు పరాయివారు కారు, మన యిండ్లవారే. ఆదిపర్వమున జనమేజయుని తమ్ములు నిష్కారణముగ కొట్టిన తన పిల్ల కొఱకు సరమ అను కుక్క రాజు నెదుటికి వచ్చి న్యాయమడిగినది. ఈ తల్లులు ఎవరి వాకిట నిలిచి అడుగవలెను?

శస్త్రచికిత్స స్వల్పకాలమున ముగియును. కష్టమంతయు ఆ పిమ్మటనే. కుట్లు మానుటకు 10 మొదలు 14 దినములు పట్టును. అంతవఱకు కుక్క పరుగెత్తరాదు, గాయము నాకరాదు, తడియరాదు. పలు కుక్కలు గుమిగూడిన చోట ఇది దుస్సాధ్యము. గుడి ముందఱ మిగిలిన అన్నము పెట్టుట మంచిదే. కాని పెరడు గల కుటుంబము ఒక్క కుక్కను ఆ పది పదునాలుగు దినములు ఉంచుకొనిన, వైద్యుని శ్రమ ఫలించును.

అట్లు ఉంచుకొనువారు కొన్ని సంగతులు ఎఱుగవలెను. చికిత్సకు ముందు వైద్యుడు చెప్పిన వేళ మొదలు ఆహారము పెట్టరాదు. మత్తులో వాంతియైన ఊపిరితిత్తులలోనికి పోవును. మెడకు తొడిగిన పట్టాను జాలిపడి తీయరాదు. గాయముపై పసుపుగాని కొబ్బరినూనెగాని పూయరాదు. మన అవ్వలు కోపగింపకుందురు గాక. కుట్లయొద్ద వాచినను, చీము పట్టినను, కుక్క మేత మానినను ఆ దినముననే వైద్యునికి చూపవలెను.