చేనికావలి తుపాకి: తూటా నింపుటయందు రైతులు వహింపవలసిన జాగ్రత్తలు

పంట కోతకు వచ్చు దినములలో అడవిపందుల మంద యొక్క రాత్రి చేనబడినచో, నాలుగు నెలల కష్టము తెల్లవారునప్పటికి మట్టిపాలగును. అందుచేత కొందఱు పట్టాదారులు లైసెన్సు పొంది తుపాకి నుంచుకొందురు. అయితే చేనిని కాపాడుటకై తెచ్చిన తుపాకి పాలేరునో, పొరుగుచేని కావలివానినో, ఇంటి బిడ్డనో బలిగొనినచో ఆ నష్టమును ఏ పంటయు తీర్చజాలదు. ఇట్టి యపాయములలో పెక్కు గుఱి తప్పుటచేత గాక, తుపాకిలో తూటా లేదని తలంచుటచేతనే సంభవించుచున్నవి.

చేనికావలికి వాడబడు తూటా తుపాకులలో 12 బోరు తుపాకి మిక్కిలి వాడుకలో నున్నది. రైఫిలునకున్నట్లు దీని గొట్టములో మెలిగాడులుండవు. ఒక పౌను సీసమును సమానముగా 12 గుండ్లు పోసినచో నొక్కొక్క గుండెంత లావుండునో, గొట్టపు రంధ్రము నంతయే యుండును. కావున సంఖ్య పెరిగినకొలది రంధ్రము సన్నమగును. 20 బోరు 12 బోరుకంటె సన్నము. తూటాకు అడుగున టోపీయు, దానిపై మందును, మందుపై బిళ్ళయు, బిళ్ళపై సీసపు రవ్వలు నుండును.

తుపాకి చేతికి వచ్చినతోడనే మూతిని మనుష్యులును పశువులును లేని దిక్కునకు త్రిప్పి, మీటకు వ్రేలు తగులనీయక, నడుమ మడత తెఱచి రెండు గొట్టములను చూడవలెను. ఇచ్చువాడు “ఇప్పుడే చూచితిని” అని చెప్పినను పుచ్చుకొనువాడు మరల చూడవలెను. తోడబుట్టినవాడిచ్చినను ఇట్లే చేయవలెను. ఇందు అవమానమేమియు లేదు.

తూటా పెట్టుటకు ముందు ఖాళీ గొట్టమును వెలుతురునకు పట్టి, వెనుకవైపునుండి చూడవలెను. గట్టు దాటునప్పుడు మూతిలో మట్టి చొచ్చియుండవచ్చును. తుడిచిన గుడ్డపీలిక మిగిలియుండవచ్చును. చాలదినములు వాడనిచో పురుగులు మట్టిగూడు పెట్టియుండవచ్చును. ఆ యడ్డు స్వల్పమైనను, కాల్చినపుడు గొట్టముబ్బి పగిలి, దానిని పట్టుకొన్న చేతిని చీల్చును.

పిమ్మట తూటాపై నున్న బోరు సంఖ్యను, పొడవును తుపాకిపై చెక్కిన వానితో సరిచూడవలెను. 20 బోరు తూటాను పొరబాటున 12 బోరు తుపాకిలో వేసినచో, అది జాఱిపోయి గొట్టములో ముందుకు చిక్కుకొనును. గొట్టము ఖాళీయని తలచి దాని వెనుక 12 బోరు తూటాను పెట్టి కాల్చినచో గొట్టము బ్రద్దలగును. ఇందుకే 20 బోరు తూటాలకు పసుపుపచ్చ రంగు వేయు వాడుక యేర్పడినది. రెండు రకముల తూటాలను ఒకే సంచిలో నుంచరాదు. రెండున్నర అంగుళముల గది గల పాత తుపాకిలో రెండుముప్పావు అంగుళముల తూటాను వాడరాదు. నల్లమందునకై చేసిన పాతకాలపు మెలిగొట్టములలో పొగలేని మందు తూటాలు కాల్చరాదు. చెమ్మచే నుబ్బిన తూటాలను విడువవలెను.

తుపాకిని మూయునప్పుడు మూతిని నేలవైపే యుంచి, భుజమునకానించు కొయ్యభాగమును పైకెత్తి మూయవలెను. సేఫ్టీని నమ్మి యేమఱరాదు. అనేక తుపాకులలో నది మీటను మాత్రమే బంధించును. క్రిందపడినచో గుఱ్ఱము జాఱి తూటా పేలవచ్చును.

మంచె యెక్కుటకును, కంచె లేక కాలువ దాటుటకును, బండి యెక్కుటకును ముందు తూటాలు తీసివేయవలెను. ఒక గొట్టము కాల్చిన పిదప రెండవదానిలో తూటా యున్నదని మఱువరాదు. అలికిడి వినిగాని, చీకటిలో కన్నుల మెఱుపు చూచిగాని కాల్చరాదు. పొరుగుచేనిలో వంగి నీరు కట్టు మనుష్యుడు దూరమునకు పందివలెనే కనబడును. రవ్వలు నలువది గజములకు మించి సరిగా పనిచేయవు. అయినను చిన్న రవ్వలు సైతము రెండువందల గజములు దాటి పోగలవు. ఒంటిగుండు వేయి గజములు దాటగలదు. కావున గుఱినే గాక, గుఱికి వెనుకనున్నదానిని గూడ చూడవలెను.

మీట నొక్కినను తూటా పేలనిచో వెంటనే తెఱువరాదు. మందు ఆలస్యముగా నంటుకొనవచ్చును. మూతిని నిరపాయమైన దిక్కుననే యుంచి, ముప్పది సెకండ్లకు తక్కువ గాకుండ నిలిచి, పిదప తెఱువవలెను. చప్పుడు మందముగా వినబడినచో, గొట్టములో బిళ్ళ చిక్కియుండవచ్చును. రెండు తూటాలను తీసి, గొట్టమును చూడక మఱియొకటి కాల్చరాదు.

ఇల్లు చేరకముందే తుపాకిని ఖాళీ చేయవలెను. తుపాకి యొకచోటను, తూటాలు వేఱొకచోటను తాళమువేసి యుంచవలెను. 1959 ఆయుధముల చట్టము ననుసరించి లైసెన్సు లేనివాడు తుపాకి నుంచుకొనరాదు. కావున లైసెన్సులో పేరులేని పాలేరు చేతికిచ్చి కావలికి పంపరాదు. తుపాకి లైసెన్సు వేఱు, మృగమును కాల్చుటకు అనుమతి వేఱు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము, చేను పాడుచేయు అడవిపందిని సైతము అధికారుల అనుమతి లేక కాల్చుట నేరము.

పంట పోయినచో మరుసటి కారున మరల విత్తవచ్చును. పోయిన ప్రాణము మరల రాదు. కావున తుపాకి ముట్టినప్పుడెల్ల నందు తూటా యున్నదనియే తలంచి మెలగవలెను.