రెండు ఔన్సుల మన్ను

బ్రస్సెల్సుకు చెందిన వాన్ హెల్మాంట్ అను వైద్యుడు ఒక తొట్టిలో 200 పౌండ్ల ఎండు మన్ను పోసి, అందులో 5 పౌండ్ల విల్లో మొక్కను నాటెను. అయిదేండ్లు నీరు తప్ప మరేమియు పోయలేదు. చెట్టు 169 పౌండ్లు తూగెను. మన్ను నెండబెట్టి తూచగా తగ్గినది 2 ఔన్సులు మాత్రమే. చెట్టంతయు నీటినుండియే పుట్టినదని ఆయన నిశ్చయించెను. ఆయన మరణానంతరము, 1648లో ఈ ప్రయోగము అచ్చయినది.

మొక్క దేహములో అధికభాగము బొగ్గుపులుసు వాయువునుండి వచ్చునని ఆనాటికి తెలియదు. (చిత్రమేమనగా, ఆ వాయువును మొదట గుర్తించినవారిలో ఆయనయు ఒకడు.) ఇక ఆ 2 ఔన్సులను ఆయన లెక్కలోనికే తీసికొనలేదు. మన కథ అంతయు ఆ 2 ఔన్సులలోనే యున్నది.

1860 ప్రాంతమున జర్మనీలో సాక్స్, నాప్ అను శాస్త్రజ్ఞులు లవణములు కరగించిన నీటిలో, మన్ను లేకుండ మొక్కలను పెంచిరి. ఏ లవణమును తొలగించిన మొక్క కేమగునో చూచుటకు ఇట్లు వీలు కలిగెను. నేడు మొక్కలకు 17 మూలకములు అవసరమని గుర్తించియున్నారు. కర్బనము, ఉదజని, ఆమ్లజని గాలినుండి, నీటినుండి లభించును. తక్కిన 14 ప్రధానముగా నేలనుండి రావలెను. నత్రజని లేనిదే మాంసకృత్తులు లేవు. మెగ్నీషియం లేనిదే పత్రహరితము లేదు. ఒకదాని పనిని వేరొకటి చేయజాలదు.

జింకు సంగతి చూడుడు. కిలోగ్రాము ఎండు వరిమొక్కలో సుమారు 20 మిల్లీగ్రాములున్న చాలును. కాని అనేక ఎంజైములకును, ఎదుగుదలను నడపు ఆక్సిన్ తయారగుటకును అది కావలెను. హిమాలయముల పాదమున నున్న తరాయి ప్రాంతములో, నాటిన కొద్దివారములకే వరి గిడసబారి, ఆకులపై తుప్పు మచ్చలు పుట్టుచుండెను. కాచు రంగునుబట్టి దీనిని 'ఖైరా' అనిరి. చూపునకు తెగులే! అది తెగులు కాదనియు, జింకు కొరతయే కారణమనియు 1966లో పంతనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందిన వై. ఎల్. నెనె వెల్లడించెను. హెక్టారునకు 5 కిలోల జింకు సల్ఫేటును, 2.5 కిలోల తడి సున్నముతో 1000 లీటర్ల నీటిలో కలిపి చల్లుట దీనికి వాడుకలోనికి వచ్చిన చికిత్స. ఇందులో అసలు జింకు కిలోకు కొంచె మెక్కువ, అంతే! సున్నము ఆకులు మాడకుండుటకు.

ఆ నేలలో జింకు బొత్తిగా లేదని తలపరాదు. క్షారగుణము, సున్నము ఎక్కువగా నున్న నేలలలో అది కరగని రూపమున నుండును, వేళ్ళకు అందదు. నీరు నిలిచిన మడులలో ఈ ఇబ్బంది హెచ్చును. అట్టి చేనికి యూరియా ఎంత వేసినను జింకు కొరత తీరదు. భాస్వరము అతిగా వేసిన కొరత ముదురును. మన తెలుగునాటి వరిచేలలోను ఇది క్రొత్తకాదు.

కొరతను పోల్చుకొనుటకు ఆకుల వరుస కొంత తోడ్పడును. నత్రజని ముదురాకులనుండి లేతాకులకు కదలిపోగలదు. కనుక దాని కొరతలో క్రింది ఆకులు ముందు పసుపుబారును. ఇనుము అట్లు కదలదు, చిగుళ్ళే పాలిపోవును. మెట్టనారుమళ్ళలో వరి చిగుళ్ళు తెల్లబడుట విద్యార్థులు స్వయముగా చూడదగినది.